రేఖయు ఛాయయు : ఫ్యూజెలి, ఫ్లాక్స్‌మన్

ఐరోపాఖండమున 18వ శతాబ్దము చివరను, 19వ శతాబ్దము మొదటను వెలసిన రొమాంటిక్ చిత్రకారులు పౌరాణికమూర్తులను సిరాతో వ్రాసిన చిత్రములు పెక్కులు గలవు. ఇవి తైలచిత్రములకును శిల్పములకును జిత్తులు మాత్రమే యని కొందఱి మతము. అది విచారింపఁదగియున్నది.

వారిలో హెన్రీ ఫ్యూజెలి 1741వ సంవత్సరమున జూరిచ్ నగరమున జన్మించి, 1770 మొదలు 1778 వఱకు రోమునందుండి, హోమరు మొదలగు కవుల పాత్రలను గలముతోడను, నీరు కలిపిన సిరాపూఁతతోడను జిత్రించెను. కాగితముపై యథేచ్ఛముగా నైదు బిందువుల నుంచి, వానిని శిరఃకరచరణాగ్రములుగా గ్రహించి, వానికిఁ దగిన దేహమును గల్పించుట యతని యభ్యాసములలో నొకటి. ఆ మూర్తుల యుద్వేగమునకు సిరాఛాయయే ప్రాణము.

జాన్ ఫ్లాక్స్‌మన్ (1755–1826) శిల్పి. 1775 మొదలు వెడ్జివుడ్ కుంభశాలకు మాదిరులు చేయుచు, గ్రీకు కలశములమీఁది చిత్రముల రీతిని గ్రహించెను. 1787లో రోమున కేఁగి, ఇలియడ్, ఒడిస్సీ కావ్యములకు వ్రాసిన చిత్రములను బిరోలి రాగిరేకులపైఁ జెక్కఁగా 1793లో నవి యచ్చుపడెను. వానియందు వర్ణము లేదు, ఛాయయు లేదు. బహీరేఖ యొక్కటియే కలదు. ఇవి మఱియొక కృతికి నంగములుగాక తామే కృతులై లోకమున వ్యాపించినవి. కొన్ని సిరాచిత్రములు చిత్తులే యగుఁగాక; "మాత్రమే" యను నవధారణమును భంగపఱుప నీ యొక్క ప్రత్యుదాహరణము చాలును. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రమును రేఖావర్తనములను వేఱువేఱు గుణములుగానే పరిగణించినది.

రేఖకు దాఁచుట తెలియదు. ఎవరిని హెచ్చున నుంచెనో, యెవరిని దగ్గున నుంచెనో స్పష్టముగాఁ జెప్పును. 1794లో మృతుఁడైన విలియం జోన్సునకు ఫ్లాక్స్‌మన్ చెక్కిన స్మారకఫలకము ఆక్స్‌ఫర్డునందలి యూనివర్సిటీ కళాశాల ప్రార్థనామందిరమునఁ గలదు. అందు జోన్సు బల్లయొద్ద నాసీనుఁడై వ్రాయుచుండఁగా, ముగ్గురు భారతీయులు నేలపైఁ గూర్చున్నారు. నేలపైఁ గూర్చుండుట మన యాచారమే. దాన నవమానము లేదు. కాని శాస్త్రార్థమును దెలుపువారు క్రిందను, దెలిసికొనువాఁడు మీఁదను నుండుట యాచారము గాదు. గురుసన్నిధిని శిష్యుని యాసనము తగ్గుగా నుండవలయు నను నియమము మనుస్మృతి ద్వితీయాధ్యాయమునఁ గలదు. ఆ స్మృతిని 1794లో నాంగ్లీకరించి ప్రకటించినవాఁడు జోన్సే.

ఫ్లాక్స్‌మన్ భారతదేశమును జూచినవాఁడు గాఁడు. అతని రేఖయందు దోషము లేదు, స్థాననిర్ణయమునందుఁ గలదు. కావున నిట్టి కృతులను జూచువారు హస్తకౌశలముతోఁబాటు దీనినిగూడఁ బరిశీలింపవలయును.