గోడ మీది అలలు

అంతర్వేది అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆపైన వశిష్ఠ గోదావరి కడలిని కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు. నాకు మాత్రం ఒక వాలు సిమెంటు చప్టా గుర్తొస్తుంది. చిన్నతనంలో వాన వెలిశాక చూరు నీళ్ళు దాని మీదుగా జారుతుంటే, ఆ పల్చని నీటిపై అడ్డగీతల్లా అలలు ఒకదాని వెంట ఒకటి దిగేవి. గాలి లేదు, ఎవరూ రాయి విసరలేదు. మరి అల ఎక్కణ్ణించి వచ్చింది? సముద్రాన్ని పక్కన పెట్టుకుని చప్టా మీద అలలేమిటిరా అని పెద్దవాళ్ళు నవ్వేవారు. ఆ ప్రశ్నకొక చరిత్ర ఉందని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

1916లో జర్మనీ ఇంజనీరు విల్‌హెల్మ్ నుసెల్ట్, చల్లని గోడ మీద ఆవిరి నీరై జారడాన్ని లెక్కగట్టాడు. బరువు కిందికి లాగుతుంది, స్నిగ్ధత గోడకు పట్టి ఉంచుతుంది. ఆ రెంటి పొత్తులో పొర మందం తేలుతుంది. ప్రవాహం ఎనిమిది రెట్లయితే గాని మందం రెట్టింపు కాదు. నిట్టనిలువు గోడపై పావు మిల్లీమీటరు నీటిపొర సగటున సెకనుకు 20 సెంటీమీటర్లు జారుతుంది. చక్కని లెక్కే, కాని అందులో అలలు లేవు. నుసెల్ట్ పొర అద్దంలా నునుపు.

అలల సంగతి పట్టించుకున్నవాడు ప్యోతర్ కపీత్సా. కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన ఈయన 1934లో స్వదేశం చూసివద్దామని వెళితే, సోవియట్ ప్రభుత్వం తిరిగి పోనివ్వలేదు. అణుబాంబు పథకంలో బేరియాతో పడక, 1946లో తాను స్థాపించిన సంస్థనుంచే ఉద్వాసన పొందాడు. మాస్కో దాపున నికోలినా గోరాలో ఉన్న తన పల్లెయింట్లోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. దానికి వేళాకోళంగా 'భౌతిక సమస్యల ఇజ్బా' అని పేరు. ఇజ్బా అంటే రష్యను పల్లెల్లోని కొయ్య ఇల్లు. పాత సంస్థ పేరులో 'ఇన్‌స్టిట్యూట్' తీసి ఇజ్బా పెడితే పొడి అక్షరాలు మారవు!

అతిశీతల హీలియంతో పని చేసిన చేతులకు అక్కడ దక్కింది గాజు గొట్టం, నీళ్ళు, ఆల్కహాలు, దీపం. కొడుకు సెర్గేయ్ సహాయకుడు. గొట్టం బయటి వైపున ద్రవం జారుతుంటే, ఆగి ఆగి మెరిసే వెలుతురులో అలల నీడలను ఫోటో తీశారు. సిద్ధాంతం 1948లో, తండ్రీకొడుకుల ప్రయోగం 1949లో వెలువడ్డాయి. పదవి పోయినవాడు ఇంతకన్నా మంచి పని చేసిన సందర్భం నాకు తట్టదు.

అల పుట్టుక ఇదీ. మందమైన చోట నీరు వడిగా జారుతుంది, కనుక ఉబ్బు కిందికి పరుగెడుతుంది. నీటికి జడత్వం ఉంది; ఉబ్బు దాటిపోయే వేగానికి ప్రవాహం వెంటనే సర్దుకోలేక వెనకబడుతుంది, ఆ వెనకబాటే ఉబ్బును ఇంకా పెంచుతుంది. తలతన్యత పొట్టి అలలను సాపు చేసేస్తుంది, పొడుగువి తప్పించుకుంటాయి.

ఒక మేరకు తక్కువ ప్రవాహమైతే అలలు రావని కపీత్సా అనుకున్నాడు. 1957లో బ్రూక్ బెంజమిన్ అది పొరపాటని తేల్చాడు: నిట్టనిలువు గోడపై ఎంత పల్చని పొరైనా నిలకడ లేనిదే. వాలు తలమైతే బరువు పొరను కిందికి అదిమి ఉంచుతుంది, అక్కడ హద్దు ఉంది. పది డిగ్రీల వాలుకు లెక్క వేసి చూశాను: మీటరు వెడల్పుకు సెకనుకు సుమారు 5 మిల్లీలీటర్లు. ఒక చెంచాడు! మా చప్టాకు ఆ మాత్రం నీళ్ళకేం కొదవ?

కొలవడం మాత్రం తేలిక కాదు. సూది తాకిస్తే పొర చెదురుతుంది. 1993లో లియు, పాల్, గోలబ్ నీళ్ళలో మెరిసే రంగు కలిపి, ఆ మెరుపు గాఢతను బట్టి మందం తెలుసుకున్నారు. సిమ్యులేషనుకు అడ్డుదారి 1967లో ష్కదోవ్ చూపాడు: పొర లోపలి వేగాలను మందం పొడుగునా కూడి, మిగిలిన చిన్న సమీకరణాలతో నెట్టుకురావడం. అలల ఆకారం బాగానే వచ్చింది గాని, ఆ హద్దు దగ్గర 5/6 రావలసిన గుణకం 1గా తేలింది. దాన్ని సరిదిద్దడం రుయేర్-కిల్, మన్నెవిల్‌లకు 2000 నాటికి గాని కుదరలేదు.

మొన్న శ్రావణంలో అంతర్వేది వెళ్ళాను. మా చప్టా లేదు. రేవులో పంటు ఆగే వాలు మీద వాన నీళ్ళు జారుతున్నాయి, అడ్డగీతలతో సహా. ఫోనుతో తీశాను గాని బురద నీళ్ళాయె, నీడలు సరిగా పడలేదు.