కరువు నేలమీద జట్లు: మన బడి ఆటల కథ

మన జిల్లా గురించి ఎవరు రాసినా వానతోనే మొదలుపెడతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి బలం పోగొట్టుకుంటుంది. స్వర్ణోత్సవ సంచికకు మన బడి ఆటల గురించి రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నేనూ వాన దగ్గరే మొదలుపెట్టాల్సి వచ్చింది. మన బడిలో ఏ ఆట నిలిచింది, ఏ ఆట నిలవలేదు అనేది పిల్లల ఇష్టం కంటే నేల, నీళ్లు, అన్నం తేల్చిన విషయం.

1800లో నిజాం నవాబు ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు. 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన బడుల పాఠాలూ, పరీక్షలూ, ఆటలూ అన్నీ మద్రాసు పద్ధతిలోనే నడిచాయి. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత క్రీడాకారులకు శిక్షణ ఇచ్చింది కూడా ఆయనే. ఇలాంటి కళాశాలల్లో చదివి వచ్చినవారితోనే మన ప్రాంతపు బడుల్లో ‘డ్రిల్ మాస్టరు’ అనే ఉద్యోగానికి ఒక రూపం వచ్చింది. వాలీబాల్ మన దేశానికి వచ్చింది కూడా వై.ఎం.సి.ఎ. వాళ్ల ద్వారానే.

ఆ కాలపు గుర్తు మరొకటి ఉంది. మనలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘గ్రిగ్ పోటీలు’ అంటారు. గ్రిగ్ అంటే ఆటగాడి పేరని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. హెచ్.బి. గ్రిగ్ పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధాని విద్యాశాఖకు డైరెక్టరు. దొరలు పోయినా, రాష్ట్రాలు మారినా, బడుల మధ్య పోటీలకు ఆ పేరు చాలాకాలం అంటిపెట్టుకునే ఉంది. 1954లో అఖిల భారత పాఠశాలల క్రీడా సమాఖ్య ఏర్పడింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చి, జిల్లా బోర్డు హైస్కూళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. జోను, జిల్లా, రాష్ట్రం అనే మెట్లు పల్లె పిల్లలకు కూడా అందాయి. కాగితం మీద మాత్రం అందరికీ ఒకటే మెట్లు. ఎక్కడానికి కాళ్లలో సత్తువ ఎక్కడిది అన్నదే అసలు ప్రశ్న.

మన మైదానం గుర్తుంది కదా? గరుసు నేల, అంచున కంపచెట్లు. ఆ నేలమీద ఫుట్‌బాల్‌లో పడితే మోకాలు చెక్కుకుపోయేది. హాకీకి పదకొండు కర్రలు కావాలి. క్రికెట్‌కు కిట్టు కావాలి. కబడ్డీకి ఏం కావాలి? ఏడుగురు మనుషులు, గీతలకు ఇంత సున్నం, వంకలో నుంచి మోసుకొచ్చిన నాలుగు బండ్ల ఇసుక. ఖోఖోకు రెండు గుంజలు పాతితే చాలు. వాలీబాల్‌కు ఒక బంతి, ఒక వల. బ్లాడరు పగిలితే సైకిల్ షాపులో పంక్చరు వేయించుకోవచ్చు. దక్షిణాదిలో పుట్టిన బాల్ బ్యాడ్మింటన్‌కు కూడా ఖర్చు తక్కువే. మన బడి పేరు ఈ నాలుగు ఆటల్లోనే వినిపించిందంటే అందులో వింతేమీ లేదు. చెడుగుడు ఊళ్లో ముందునుంచే ఉంది. బడి దానికి కొలతలూ విజిలూ ఇచ్చింది, అంతే.

జట్టుకు పంచాంగం రాసింది కూడా వ్యవసాయమే. మన మెట్ట చేలల్లో వేరుశనగే పంట. జూన్, జూలైలో విత్తితే అక్టోబరు, నవంబరు నాటికి కాయ పీకుళ్లు. బడుల పోటీలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. మా రోజుల్లో, అంటే 1980లలో, పీఈటీ సారు జట్టు పట్టీ రాసేటప్పుడు ఎవరు బాగా ఆడతారన్న దానికన్నా ముందు ఎవరింట్లో కాయ పీకుడు అయిపోయిందని అడిగేవారు. పంట పండిన ఏడు పిల్లలు చేలో ఉండేవాళ్లు. పండని ఏడు కొందరు తల్లిదండ్రులతో బెంగళూరు బండి ఎక్కేవాళ్లు. ఆగస్టులో కూర్చిన జట్టు డిసెంబరుకు అలాగే ఉంటే గొప్ప. మన జట్లు జిల్లా స్థాయిలో ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. పిల్లల్లో ఆట తక్కువై కాదు.

రెండో కారణం కడుపు. పొద్దున సంగటి ముద్ద తిని, నాలుగైదు కిలోమీటర్లు నడిచి వచ్చిన పిల్లవాడు సాయంత్రం ఐదింటికి కూతకు వెళ్లాలంటే ఊపిరి ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు? బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ప్రాథమిక తరగతులకు మొదలై, దశలవారీగా పై తరగతులకూ వచ్చింది. ఆటల చరిత్రలో దీన్ని ఎవరూ రాయరు గానీ, నా దృష్టిలో మన మైదానానికి వచ్చిన పెద్ద మార్పుల్లో ఇదొకటి.

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పుకోవాలి. ఖోఖో, టెన్నికాయిట్ వాళ్లు బాగా ఆడేవాళ్లు. కానీ సాధన సమయమూ, బోరింగు దగ్గర బిందెల వరుస సమయమూ ఒకటే. ఇంటికి నీళ్లు మోసే బాధ్యత ఆడపిల్లదే కనుక కరువు మొదట దెబ్బతీసింది వాళ్ల ఆటనే. మన పాత ఫొటోల్లో బాలికల జట్లు తక్కువగా కనిపించడం వెనుక ఆ బిందెలున్నాయి.

1983 ప్రపంచ కప్పు, ఆ తర్వాత ఊరూరికీ వచ్చిన టీవీ కలిసి క్రికెట్‌ను మన గరుసు నేలమీదికి కూడా తెచ్చాయి. అయితే అసలు మార్పు జిల్లాలో మరోచోట జరిగింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ, బావులు, ఇళ్లు, ఆసుపత్రుల తర్వాత ఆటలకూ చోటిచ్చింది. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ అక్కడ టెన్నిస్ పాఠశాల తెరిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ మైదానంలో జరిగాయి. నార్పల మండలం బండ్లపల్లి నుంచి వచ్చి, ఆర్డీటీలో శిక్షణ పొందిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత మహిళల జట్టుకు ఆడింది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది కూడా ఆ బండ్లపల్లిలోనే. కరువుకు ఉదాహరణగా దేశం చూసిన పల్లె, పదిహేడేళ్లకు దేశానికి ఒక బౌలరును ఇచ్చింది.

ఇందులో అద్భుతం లేదు. చదును చేసిన నేల, తడపడానికి నీళ్లు, వేళకు తిండి, రోజూ వచ్చే గురువు. ఈ నాలుగూ ఒకచోట ఉంటే ఈ జిల్లా పిల్లలు ఏం చేయగలరో అక్కడ రుజువైంది. మన బడిలో ఎప్పుడూ ఒకటో రెండో ఉండేవి, నాలుగూ కలిసి ఉండేవి కావు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఆటస్థలం ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. కానీ అదనపు గదులు కట్టాల్సి వచ్చినప్పుడల్లా మొదట తరిగేది మైదానమే.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్న చర్చ మన సంఘంలో నడుస్తోంది. ముఖద్వారానికి కమాను కట్టాలని కొందరు, మైదానం బాగుచేయాలని కొందరు. నేను ఇంజినీరును, లెక్క చెబుతాను. కబడ్డీ కోర్టు 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. దాన్ని ఐదు మిల్లీమీటర్ల మేర తడపడానికి 650 లీటర్ల నీళ్లు చాలు. 500 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే 2 లక్షల 75 వేల లీటర్లు. అందులో ఐదో వంతు పోయినా 2 లక్షల 20 వేలు మిగులుతాయి. అంటే మూడువందలకు పైగా తడుపులు. కరువేడు వాన సగమే పడినా నూట అరవై తడుపులకు తక్కువ కాదు. ఇప్పుడు ఆ నీళ్లన్నీ కప్పు గొట్టాల్లోంచి వంకలోకి పోతున్నాయి. ఒక తొట్టి, కొన్ని గొట్టాలు, ఇసుక వడపోత ఉంటే చాలు. దానికి తోడు సాధన చేసే పిల్లలకు సాయంత్రం గుగ్గిళ్లో, శెనక్కాయలు బెల్లమో, ఆడపిల్లలకు దుస్తులు మార్చుకోవడానికి తలుపున్న గది.

కమాను వద్దని నేను అనను. మన బడి పేరు దూరానికి కనబడాలని ఎవరికి ఉండదు? కానీ ఆ పేరును జోను నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి మోసుకెళ్లింది వట్టి కాళ్లతో పరుగెత్తిన పిల్లలు. ఇప్పుడు అదే మైదానంలో పరుగెత్తుతున్న వాళ్ల దగ్గర సున్నం ఉంది, విజిలు ఉంది, కూత ఉంది. నీళ్లూ తిండీ మనం ఇద్దాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ముందు ఈ పద్దు ఖాయం చేసి, మిగిలినదానితో కమాను సంగతి మాట్లాడుకుందామని నా మనవి.