చక్రాల ఇల్లు, ఒంటరి రోగి, మూగజీవం

వంటగది, పడక, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఇంజనుతో పాటు ఒకే వాహనంలో ఇమిడిన మోటార్‌హోమ్ చరిత్రను రాసినవారు చాలావరకు దానిని స్వేచ్ఛావిహార చరిత్రగానే రాశారు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే ఇల్లు అన్న ఊహకున్న ఆకర్షణ అటువంటిది. అయితే ఆ వాహనం ప్రయాణికుడికి నీడనూ వేడి అన్నాన్నీ సొంత పరుపునూ సమకూర్చిందే గాని, జ్వరం కాసిన రాత్రి పక్కన కూర్చునే మనిషిని సమకూర్చలేకపోయింది. ఒక కుక్కనో పిల్లినో వెంటబెట్టుకొని ఒంటరిగా తిరిగేవారికి ఈ కష్టం రెండింతలవుతుంది. రోగికి సేవ చేసే దిక్కు లేకపోవడమే కాక, ఆ రోగినే నమ్ముకున్న ప్రాణి మరొకటి అదే గదిలో ఉంటుంది. ఈ వెలితిని పూడ్చే ప్రయత్నాలలో తోటి ప్రయాణికుల పాత్ర చాలా పెద్దది, అందుకు తగిన గుర్తింపు మాత్రం వారికి దక్కలేదు.

కేవలం విహారం కోసం కట్టించుకున్న తొలి ఇంటిబండిగా బ్రిటన్‌లో పేరుపొందినది ‘వాండరర్’. దానిని 1885లో బ్రిస్టల్‌లోని బండ్ల కర్మాగారంలో చేయించినవాడు విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లాండ్ వైద్యుడు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, ఆరోగ్యం చెడి ఆ కొలువు వదిలిన ఆయన ఆ తరువాత రచననే జీవనోపాధిగా చేసుకున్నాడు. బాలుర పత్రికలో ఆరోగ్య సలహాలు ఇచ్చాడు, కుక్కల గురించీ పిల్లుల గురించీ పుస్తకాలు రాశాడు. ఇంగ్లండ్‌లోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ వైపు సాగిన ఆయన యాత్రను, సుమారు 1,300 మైళ్ళ ప్రయాణాన్ని, వర్ణించే గ్రంథం 1886లో వెలువడింది. రెండు గుర్రాలు లాగిన ఆ బరువైన బండి వెంట ఒక న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్క, ఒక చిలుకజాతి పక్షి ఉండేవి. వాటితో పాటు గుర్రాలను తోలే బండివాడూ, ఇరుకు దారుల్లో ఎదురొచ్చే బండ్లను ముందుగానే హెచ్చరించడానికి మూడు చక్రాల సైకిలెక్కి ముందు సాగే నౌకరూ ఉండేవారు. యజమానే వైద్యుడు, పక్కన ఇద్దరు మనుషులు ఉన్న ఆ బండిలో జబ్బుపడితే దిక్కెవరన్న ప్రశ్న తలెత్తే అవకాశమే తక్కువ. గుర్రాల స్థానంలో ఇంజను వచ్చాక మేత వేయడం, మాలీసు చేయడం, లాయం వెతకడం వంటి పనులన్నీ పోయి ఒక్క మనిషే ఇంటిని నడుపుకుపోగల వీలు కలిగింది. నౌకరు అవసరం తీరడంతో, ఆపదవేళ వైద్యుడి కోసం పరుగెత్తగల మనిషి కూడా ఆ ఇంట లేకుండా పోయాడు.

ఈ మార్పు సాహిత్యంలో స్పష్టంగా కనిపించేది అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ యాత్రలో. 1959 చివర తీవ్రంగా జబ్బుచేసి, ఇక నెమ్మదించి బతకమన్న సలహాలకు లొంగని ఆ రచయిత, 1960 సెప్టెంబరులో, 58 ఏళ్ళ వయసులో, వెనుక చిన్న గది అమర్చిన జీఎంసీ ట్రక్కులో చార్లీ అనే ముసలి పూడిల్ కుక్కతో న్యూయార్క్ రాష్ట్రంలోని శాగ్ హార్బర్ నుంచి బయలుదేరాడు. 1962లో వచ్చిన ఆ యాత్రాగ్రంథంలోని ప్రతి మజిలీనీ యథాతథంగా నమ్మడానికి వీల్లేదు. కొంత దూరం భార్య వెంట ఉందనీ, హోటళ్ళలో గడిపిన రాత్రులు పుస్తకం చెప్పినదానికన్నా ఎక్కువనీ తరువాతి పరిశీలనలు తేల్చాయి. అయినా అందులో మూత్రం బిగిసి చార్లీ విలవిలలాడిన ఘట్టానికి చరిత్రకారుడు విలువ ఇవ్వవలసి ఉంటుంది. స్పోకేన్ నగరంలో దొరికిన పశువైద్యుడు శ్రద్ధ లేనివాడు. చాలా రోజుల తరువాత టెక్సస్‌లోని అమరిల్లోలో దొరికిన యువ వైద్యుడు నేర్పరి, దయగలవాడు. తెలియని ఊళ్ళో చికిత్స అదృష్టాన్ని బట్టి దొరికేదన్న సంగతిని ఆ ఇద్దరు వైద్యుల మధ్య తేడా చెప్పినంతగా గణాంకాలు చెప్పలేవు. జబ్బుపడింది కుక్క కాబట్టి యజమాని బండి నడిపి దానిని వైద్యుడి దగ్గరకు చేర్చగలిగాడు. యజమానే పడిపోయి ఉంటే చార్లీ చేయగలిగింది మొరగడం ఒక్కటే.

1966వ సంవత్సరం ఈ చరిత్రలో మలుపు. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ మోటార్‌హోమ్‌ల తయారీకి దిగి, వాటిని మధ్యతరగతికి దగ్గర చేసింది ఆ ఏటనే. 65 ఏళ్ళు నిండినవారికి అమెరికా కేంద్రప్రభుత్వం కల్పించిన ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ జులై 1న అమల్లోకి రావడంతో, సొంత రాష్ట్రానికి దూరంగా జబ్బుపడిన వృద్ధుడికి కూడా ఆసుపత్రి ఖర్చుల భయం కొంత తగ్గింది. యూటా రాష్ట్రానికి చెందిన ఒక ప్రయాణికుడు, దారిలో చిక్కుకున్నవారికి సాయపడటానికి సిద్ధంగా ఉన్నామని తెలిపే గుర్తును బండ్ల వెనుక అంటించుకుందామని ట్రైలర్ యజమానుల పత్రిక ద్వారా సూచించగా, దాని నుంచి గుడ్ శామ్ క్లబ్ పుట్టిందీ అప్పుడే. బైబిలులోని మంచి సమరయుడే ఆ పేరుకు మూలం. ఆ గుర్తు చూసి తలుపు తట్టడానికి రోగికి సంకోచం ఉండదు. ఒంటరి ప్రయాణికుడికి మందుకన్నా ముందు కావలసింది ఆ నిస్సంకోచమే కనుక, చిన్నదిగా కనిపించే ఈ ఆచారాన్ని పెద్ద సంస్కరణగానే లెక్కించాలి.

తలుపు తట్టే శక్తి కూడా లేనివారి విషయం వేరు. 1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్‌లో ఒక వైద్యుడి కుమార్తె వేలికి గాయమై, ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందు పడక ప్రాణాపాయం నుంచి బయటపడింది. స్పృహ లేని స్థితిలోనూ ఆ సంగతి వైద్యులకు తెలియాలని తల్లిదండ్రులు చేయించిన వెండి చేతిగొలుసు 1956లో మెడిక్అలర్ట్ సంస్థకు దారితీసింది. దానిపై చెక్కిన కొద్ది మాటలూ, ఫోన్ నంబరూ మనిషి మాట్లాడలేనప్పుడు మాట్లాడతాయి. మొబైల్ ఫోన్లు లేని ఆ కాలంలో సిటిజన్స్ బ్యాండ్ అనే సాధారణ పౌరుల రేడియోలో 9వ ఛానెల్‌ను ఆపద పిలుపులకు కేటాయించగా, స్వచ్ఛంద శ్రోతలు దానిని కనిపెట్టుకొని ఉండేవారు. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్‌లో మొదలైన 911 నంబరు దేశమంతా పరచుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఫోన్ కలిసినా, పొలాల మధ్య తానెక్కడున్నాడో చెప్పలేని ప్రయాణికుడికి అది సగం సాయమే. మొబైల్ నుంచి వచ్చే పిలుపుతో పాటు స్థానాన్ని కూడా తెలపాలన్న నిబంధనలను అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996లో గాని తీసుకురాలేదు.

రోగం బయటి నుంచే రానక్కరలేదు. సరిగా పనిచేయని ప్రొపేన్ హీటరూ, జనరేటర్ పొగా మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌ను నింపుతాయి. రంగూ వాసనా లేని ఆ వాయువు వల్ల కలిగే తలనొప్పిని, వికారాన్ని ఒంటరి మనిషి మామూలు ఫ్లూ అనుకొని దుప్పటి కప్పుకొని పడుకోవడమే అసలు ప్రమాదం. యజమానిని అంబులెన్స్ ఎక్కించాక బండిలో మిగిలిన జంతువుకు మరో గండం ఉంది: క్యాంప్‌గ్రౌండ్ కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, ఎండలో నిలిపిన బండి గోడలు కాగి, కొద్ది సేపట్లోనే లోపలి గాలి ప్రాణాంతకమవుతుంది. ఆ సమయంలో తలుపు తెరిచే తాళం ఎవరి దగ్గర ఉందన్నదానిపైనే దాని ప్రాణం ఆధారపడుతుంది.

జో, కే పీటర్సన్ దంపతులు 1978లో స్థాపించిన ఎస్కేపీస్ అనే సంఘం ఏడాది పొడవునా బండిలోనే బతికేవారి వృద్ధాప్యాన్ని నేరుగా పట్టించుకొన్న సంస్థగా ప్రత్యేక ప్రస్తావనకు అర్హమైనది. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఆ సంఘం నెలకొల్పిన ‘కేర్’ కేంద్రంలో జబ్బుపడినవారు, కోలుకుంటున్నవారు తమ సొంత బండ్లలోనే ఉంటారు. భోజనం, పగటి సంరక్షణ, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళే వాహనం కేంద్రం సమకూరుస్తుంది. రోగిని ఇంటి నుంచి ఆశ్రమానికి తరలించే పాత పద్ధతికి బదులు రోగి ఇంటినే సేవ దగ్గరకు రప్పించిన ఈ ఆలోచన, ఆసుపత్రుల ప్రణాళికకర్తల నుంచి కాక ఏళ్ళ తరబడి రోడ్డు మీద బతికినవారి నుంచి రావడం సహజం.

జంతువు వంతు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. 2005లో కత్రినా తుపాను సమయంలో పెంపుడు జంతువులను వదలి రాలేక ఎందరో వరదలోనే ఆగిపోయిన తరువాత, విపత్తుల్లో వాటి తరలింపునూ ప్రణాళికల్లో చేర్చాలని 2006లో అమెరికా చట్టం చేసింది. అయితే ఆ చట్టం ఊరంతటికీ వచ్చే ఆపదకు సంబంధించినదే గాని, క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక్క మనిషికి వచ్చే గుండెపోటుకు కాదు. ఆ ఖాళీని ఇప్పటికీ నింపుతున్నది జంతువు పేరు, తినే తిండి, వేసే మందు, పశువైద్యుడి ఫోన్ నంబరు, దానిని తీసుకువెళ్ళవలసిన బంధువు చిరునామా రాసి తలుపు లోపలివైపు అంటించే కాగితమూ, బండి నిలపగానే పక్క బండివారిని పలకరించి వారి చేతిలో పెట్టే రెండో తాళమూ.