తెర మీద ఓడిన బ్రిటన్

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు ఇంగ్లండ్ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1940 వేసవిలో ఆ ప్రమాదం ఇంగ్లిష్ చానల్ అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ఆగకపోతే ఏమయ్యేదన్న ఊహ మీద కెవిన్ బ్రౌన్‌లో, ఆండ్రూ మోలో అనే ఇద్దరు కుర్రాళ్లు తీసిన సినిమా ‘ఇట్ హాపెన్డ్ హియర్’. 1956లో పని మొదలుపెట్టేనాటికి బ్రౌన్‌లోకు 18 ఏళ్లు. తర్వాత వచ్చి చేరిన మోలోకు 16. సినిమా పూర్తి కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఖర్చు సుమారు 7,000 పౌన్లు. స్టూడియోలో తయారయ్యే మామూలు సినిమా ఖర్చు ముందు ఆ సొమ్ము ఏ మూలకూ రాదు. ఇంత చిన్న పెట్టుబడితో వచ్చిన యుద్ధచిత్రం బ్రిటన్‌లో రేపిన వాదం మాత్రం చిన్నది కాదు.

ఆనాటి బ్రిటిష్ ప్రేక్షకులకు యుద్ధ సినిమాలు కొత్త కావు. యుద్ధం ముగిసి పదేళ్లయినా థియేటర్లలో అది నడుస్తూనే ఉంది. 1955లో ‘ది డ్యామ్ బస్టర్స్’, 1956లో ‘రీచ్ ఫర్ ద స్కై’ ఆ దేశపు పెద్ద విజయాలు. మొదటిది జర్మన్ ఆనకట్టలను బాంబులతో బద్దలు కొట్టిన వైమానిక దళం కథ. రెండోది, రెండు కాళ్లూ పోగొట్టుకుని కూడా యుద్ధ విమానం నడిపిన డగ్లస్ బేడర్ కథ. హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ యుద్ధంలో పోరాడినవాళ్లు, కాకుంటే బాంబులు కురిసిన రాత్రులను నేలమాళిగల్లో గడిపినవాళ్లు. తమ కష్టానికి తెర మీద గౌరవం దక్కాలని వాళ్లు కోరుకోవడంలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. అయితే ఈ సినిమాలన్నీ కలిసి ఒక నమ్మకాన్ని స్థిరపరిచాయి: బ్రిటిష్‌వాడు లొంగడు, శత్రువుతో చేతులు కలపడు.

నిజానికి బ్రిటన్ ఆక్రమణకు గురైతే ఎలా ఉంటుందన్న కల్పన కూడా అప్పటికే తెరకెక్కింది. యుద్ధం మధ్యలో, 1942లో, కావల్కాంటి తీసిన ‘వెంట్ ద డే వెల్?’లో జర్మన్ సైనికులు మారువేషంలో ఒక ఇంగ్లిష్ పల్లెలోకి దిగుతారు. ఊరంతా ఏకమై వాళ్లను తుదముట్టిస్తుంది. ఆ కథలోనూ ద్రోహి ఉన్నాడు, కానీ ఒక్కడే. మిగతావాళ్లందరూ మంచివాళ్లు కనుక ఆ ఒక్కడి ద్రోహం ప్రేక్షకుడి మనసును పెద్దగా కలవరపెట్టదు. బ్రౌన్‌లో, మోలో తలకిందులు చేసింది సరిగ్గా ఈ లెక్కనే. వాళ్ల సినిమాలో ప్రత్యేకించి ద్రోహి అంటూ ఎవరూ లేరు. పని కావాలి, రేషన్ కావాలి, గొడవలు ఇక చాలు అనుకునే మామూలు జనమే ఉన్నారు. ఈ ఊహ గాలిలోంచి పుట్టిందీ కాదు. బ్రిటిష్ రాజరికం కింద ఉన్న చానల్ దీవులు 1940 నుంచి 1945 దాకా జర్మన్ల చేతిలోనే ఉన్నాయి. స్థానిక అధికారులు వాళ్ల కింద పాలన సాగించారు, యూదుల పేర్లు నమోదు చేశారు. గెర్న్సీ దీవి నుంచి పంపించేసిన ముగ్గురు యూదు స్త్రీలు ఆష్విట్జ్‌లో ప్రాణాలు కోల్పోయారు. 1950లలో ఈ సంగతులను బ్రిటన్ పెద్దగా తలచుకోలేదు.

బ్రౌన్‌లోకు చిన్నప్పటి నుంచి మూకీ సినిమాల పిచ్చి. బడి వయసులోనే పాత రీళ్లు కొని సేకరించేవాడు. ఆ తర్వాత డాక్యుమెంటరీలు తీసే సంస్థలో ఎడిటింగ్ పనిలో చేరాడు. మోలోది వేరే పిచ్చి. సైనిక దుస్తులు, బిళ్లలు, తుపాకులు ఏ ఏడాదిలో ఎలా ఉండేవో అతనికి కొట్టిన పిండి. బ్రౌన్‌లో మొదట్లో తీసుకున్న దృశ్యాలలో దుస్తులు, సరంజామా తప్పుల తడకగా ఉన్నాయని మోలో తేల్చేయడంతో పని దాదాపు మళ్లీ మొదటికొచ్చింది. అక్కడి నుంచి ఇద్దరికీ వివరాల పట్టింపు ఒక వ్రతంలా మారింది. షూటింగ్ ఎక్కువగా వారాంతాల్లోనే జరిగేది. నటుల్లో వృత్తి నటులు సెబాస్టియన్ షా, రెజినాల్డ్ మార్ష్ వంటి ఒకరిద్దరే. మిగతావాళ్లు పైసా ఆశించకుండా వచ్చిన వందలాది మంది ఔత్సాహికులు. కొంతకాలం సాయం చేసిన కుర్రాళ్లలో పీటర్ వాట్కిన్స్ ఒకడు. అణుదాడి మీద అతను తీసిన ‘ది వార్ గేమ్’ను 1965లో బీబీసీ ప్రసారం చేయకుండా ఆపేసింది.

చాలా భాగం 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీశారు. డబ్బు లేక చేసిన పనే అయినా అది సినిమాకు కలిసొచ్చింది. పెద్ద తెర మీద బొమ్మ గరుకుగా తేలి, యుద్ధకాలపు న్యూస్‌రీల్‌ను చూస్తున్నట్టే ఉండేది. పార్లమెంటు భవనం పక్క నుంచి జర్మన్ పటాలాలు కవాతు చేసే దృశ్యాలను పాత వార్తాచిత్రాల నుంచి తీసుకున్నారని భ్రమపడినవాళ్లు ఉన్నారు. అవన్నీ ఈ కుర్రాళ్లు తీసినవే. మధ్యలో వచ్చే నాజీ అనుకూల వార్తాచిత్రం కూడా అచ్చంగా వాళ్ల తయారీయే. చివరి దశలో దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్ పూనుకుని తన వుడ్‌ఫాల్ సంస్థ ద్వారా డబ్బు సమకూర్చాడు. ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ షూటింగ్‌లో మిగిలిపోయిన ముడి ఫిల్మ్ ముక్కలను స్టాన్లీ కుబ్రిక్ ఇచ్చాడు.

కుబ్రిక్ ఆ సాయం చేయడం ఆసక్తికరం, ఎందుకంటే అతనూ ఇలాగే అప్పుతో, బంధువుల డబ్బుతో యుద్ధచిత్రం తీసినవాడే. 1953లో న్యూయార్క్‌లో విడుదలైన ‘ఫియర్ అండ్ డిజైర్’ అతని మొదటి కథాచిత్రం. అప్పటికి అతనికి 24 ఏళ్లు. శత్రువుల ప్రాంతంలో చిక్కుకుపోయిన నలుగురు సైనికుల కథ అది. విమర్శకులలో కొందరు మెచ్చుకున్నా, జనం పెద్దగా పట్టించుకోలేదు. కొన్నేళ్లకు కుబ్రిక్‌కే అది నచ్చకుండా పోయింది. 1990లలో దాన్ని మళ్లీ ప్రదర్శించబోతే, అది అనుభవం లేనివాడి తడబాటు తప్ప మరేమీ కాదని ప్రకటన చేయించాడు. బ్రౌన్‌లో, మోలోల అనుభవం దీనికి పూర్తిగా వేరు. వాళ్లు తమ సినిమాను ఎన్నడూ వదులుకోలేదు. గొడవంతా ప్రేక్షకులతోనే వచ్చింది.

కథ ఒక నర్సు చుట్టూ తిరుగుతుంది. పాలీన్ అనే ఈ స్త్రీ పాత్రను వేసింది పాలీన్ మర్రే. 1940లో బ్రిటిష్ సేనలు డంకర్క్ నుంచి వెనుదిరిగాక జర్మనీ ఇంగ్లండ్‌ను గెలుచుకుందని, 1944 నాటికి సేనలు తూర్పు రంగానికి తరలిపోగా ప్రతిఘటన మళ్లీ తలెత్తిందని సినిమా ఊహిస్తుంది. పాలీన్ ఉంటున్న పల్లెను ఖాళీ చేయిస్తున్న సమయంలో గెరిల్లాల దాడిలో ఆమె కళ్లెదుటే సామాన్యులు చనిపోతారు. ఆమె లండన్ చేరి, ఉద్యోగం కోసం ఫాసిస్టు సంస్థ ఒకదాని వైద్య విభాగంలో చేరుతుంది. యూనిఫాం వేసుకుంటుంది. పాత స్నేహితుడైన డాక్టరు తన ఇంట్లో గాయపడిన గెరిల్లాను దాచినందుకు అరెస్టవుతాడు. ఫాసిజాన్ని వదిలించుకోవాలంటే ఫాసిస్టుల పద్ధతులే పట్టాల్సి రావడం ఎంత ఘోరమో ఆ డాక్టరే ఒకచోట అంటాడు. తర్వాత పాలీన్‌ను ఒక పల్లెటూరి ఆసుపత్రికి మారుస్తారు. క్షయ సోకిన పోలిష్, రష్యన్ కూలీలకు తాను వేసిన సూదిమందు చావుమందని ఆమెకు అక్కడ తెలుస్తుంది. ఎదురు తిరుగుతుంది, పట్టుబడుతుంది, చివరికి గెరిల్లాల చేతికి చిక్కుతుంది. ఆమె వాళ్ల గాయాలకు కట్లు కడుతుండగా, నాజీల ఎస్ఎస్ దళంలో చేరి ఇప్పుడు లొంగిపోయిన బ్రిటిష్ సైనికులను గెరిల్లాలు కాల్చి చంపుతారు.

1964లో చిత్రోత్సవాలలో చూసినవాళ్లు మొదట ఆశ్చర్యపోయింది ఇంత తక్కువ డబ్బుతో ఇంత నమ్మదగ్గ లోకాన్ని కట్టడం చూసి. ఆ మెచ్చుకోలు వెంటే వివాదమూ వచ్చింది. దానికి కారణం ఆరేడు నిమిషాల సంభాషణ. పాలీన్ శిక్షణలో ఉండగా ఫాసిస్టులు యూదుల గురించీ, బతకడానికి పనికిరానివాళ్లుగా తాము లెక్కగట్టినవాళ్లను చంపడం గురించీ తీరిగ్గా తమ సిద్ధాంతం చెబుతారు. ఆ మాటలు రాసిచ్చినవి కావు. మాట్లాడినవాళ్లు నిజమైన బ్రిటిష్ ఫాసిస్టులు, కెమెరా ముందు చెప్పింది తమ సొంత అభిప్రాయాలే. ఎదురు వాదించేవాళ్లు ఆ దృశ్యంలో లేరు. యూదు సంఘాలు దీనిపై గట్టిగా నిరసన తెలిపాయి. జవాబు లేని ద్వేషప్రసంగానికి థియేటర్లో వేదిక ఇస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం.

ఆ కోపాన్ని అతి సున్నితత్వంగా కొట్టిపారేయడం కుదరదు. 1962 జూలైలో కోలిన్ జోర్డన్ అనే నాజీ అనుయాయి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో బహిరంగ సభ పెట్టి యూదుల మీద విషం కక్కాడు, అక్కడ అల్లర్లు జరిగాయి. 1965లో లండన్‌లోని యూదు ప్రార్థనా మందిరాలకు నిప్పు పెట్టిన ఘటనలు చోటుచేసుకున్నాయి. గ్యాస్ చాంబర్ల నుంచి బంధువులు తిరిగిరాని కుటుంబాలకు ఆ మాటలు చరిత్ర పాఠంలా కాక, వీధి చివర వినిపిస్తున్న కేకల్లా తోచాయి. దర్శకుల వాదన దీనికి ఎదురుగా నిలిచింది: ఫాసిస్టును మాట్లాడనిస్తే తనను తానే బయటపెట్టుకుంటాడు, నటుడికి రాసిచ్చిన మాటలకు ఆ నగ్నత్వం రాదు.

రెండు వైపులా బలం ఉన్నా, సినిమా నిర్మాణాన్ని చూస్తే దర్శకుల వైపే మొగ్గాల్సి వస్తుంది. ఆ సంభాషణకు జవాబు సినిమాలో లేకపోలేదు. అది మాటల్లో కాక, తర్వాత వచ్చే ఆసుపత్రి ఘట్టంలో ఉంది. టీ తాగుతూ చెప్పుకున్న సిద్ధాంతం అక్కడ సూదిమందుగా మారుతుంది. మొదటిదాన్ని తీసేస్తే రెండోది ఎవరో కొందరు దుర్మార్గుల పనిగా మిగిలిపోతుంది. కాకపోతే ఆ జవాబు కోసం ప్రేక్షకుడు ఓపిక పట్టాలి, రెంటినీ తనే కలుపుకోవాలి. అంత బరువు అందరూ మోస్తారా అన్న అనుమానం యూదు సంఘాలది, మోస్తారన్న నమ్మకం దర్శకులది.

పంపిణీదారు యునైటెడ్ ఆర్టిస్ట్స్ ఈ చర్చలోకి దిగలేదు. ఆ సంభాషణను కత్తిరించి 1966లో లండన్‌లోని పిక్కడిల్లీ సర్కస్ వద్ద లండన్ పెవిలియన్ థియేటర్లో విడుదల చేసింది. కత్తిరించినా ఇంకో వర్గానికి కోపం తగ్గలేదు. ఇంగ్లిష్‌వాళ్లు ఇంత తేలిగ్గా జర్మన్ల కొలువులో చేరతారని చూపడం వాళ్లకు అవమానంగా తోచింది. ముగింపులో తమ గెరిల్లాలు కూడా ఖైదీలను చంపడం మరీ మింగుడుపడలేదు. సినిమా బాగానే ఆడినా, ప్రచారం, పంపిణీ ఖర్చులు పోగా దర్శకులకు చేతికొచ్చింది శూన్యం. ఎనిమిదేళ్ల ఆ కష్టాన్ని బ్రౌన్‌లో 1968లో పుస్తకంగా రాశాడు.

ఇలాంటి గాయమే ఫ్రాన్స్‌లోనూ కొద్దికాలానికే రేగింది. ఆక్రమణ కాలంలో ఫ్రెంచివారి సహకారం గురించి మార్సెల్ ఓఫూల్స్ 1969లో తీసిన డాక్యుమెంటరీ ‘లె షాగ్రాన్ ఎ లా పితియె’ను అక్కడి టెలివిజన్ 1981 దాకా చూపలేదు. ఫ్రాన్స్‌లో అది జరిగిన చరిత్ర, బ్రిటన్‌లో జరగని చరిత్ర. అయినా తమ గురించి తాము నమ్ముతున్న కథను కదిలిస్తే జనం నొచ్చుకున్న తీరు మాత్రం ఒకటే.

బ్రౌన్‌లో, మోలో కలిసి తీసిన మరో కథాచిత్రం ‘విన్‌స్టాన్లీ’ 1975లో వచ్చింది. ఆ తర్వాత బ్రౌన్‌లో మూకీ సినిమాల చరిత్రకారుడిగా పేరు పొందాడు. ఆబెల్ గాన్స్ ‘నెపోలియన్’ను ముక్కముక్కగా సేకరించి పునరుద్ధరించాడు, 2010లో గౌరవ ఆస్కార్ అందుకున్నాడు. మోలో పెద్ద సినిమాలకు సైనిక వివరాల సలహాదారు అయ్యాడు. అతని అన్న జాన్ మోలో ‘గాంధీ’ సినిమాకు భాను అతయాతో కలిసి దుస్తుల రూపకల్పనలో ఆస్కార్ పంచుకున్నాడు. 1966లో కత్తిరించిన సంభాషణను 1990లలో సినిమాలో తిరిగి చేర్చారు. 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బ్లూరేగా విడుదల చేసింది.