శబ్దగ్రాహకుని గురుకులము

గుడివాడనుండి బందరు పోవు రైలుదారిలో గుడ్లవల్లేరు కలదు. ఆ ప్రాంతమందే, గుడివాడకు చేరువగా నున్న చౌటపల్లిలో 1922 డిసెంబరు 4వ తేదీన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జన్మించిరి. వారు విజయనగరమునకు పోయి పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద సంగీతము నేర్చిన కథ మనకు తెలిసినదే. గాయకునకు గురువు పేరు చెప్పుకొను భాగ్యము కలదు. ఆ గాత్రమును పట్టి మన యింటికి చేర్చిన శబ్దగ్రాహకుని గురువెవరని మాత్రము మన మడుగము.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో బొంబాయిలో తయారైనది. ఈ విద్యకు అప్పుడు మనకు బడి లేదు. పనిచేయువాని ప్రక్కన నిలిచి నేర్వవలసినదే. 1945లో మదరాసు సెంట్రల్ పాలిటెక్నిక్కులో ఛాయాగ్రహణముతోపాటు సౌండు ఇంజనీరింగు తరగతులు మొదలయ్యెను. 1960లో పూనాలో, ప్రభాత్ స్టూడియో ఆవరణలో, ఫిలిం ఇన్‌స్టిట్యూటు వెలసెను. అయినను గురుకులవాసము పోలేదు.

దివిసీమకు కృష్ణ ఆవలి గట్టున పెదపులివర్రు కలదు. అది ఘంటసాలవారి అత్తవారి యూరు. 1930లో ఆ యూరనే జన్మించిన కాశీనాథుని విశ్వనాథ్‌గారు బి.ఎస్సీ. చదివి, మదరాసు వాహినీ స్టూడియోలో శబ్దవిభాగమున చేరిరి. ఆ విభాగాధిపతి ఏ. కృష్ణన్‌గారే ఆయనకు గురువు.

అచట నేర్వవలసిన దేమి? ఆనాటి చిత్రశబ్దము కాంతిరేఖయై ఫిలింమీద పడెడిది. దానిని కడిగి ముద్రించినగాని పాట యెట్లు వచ్చినదో తెలియదు. శిష్యుడు చేసిన తప్పు అప్పటికప్పుడు చెవిని పడదు. గాయకుడు, వయొలిన్లు, తబలా అందరును ఒకే హాలులో ఒకేసారి సాగుదురు. ఒకరు తప్పిన అందరును మరల మొదటికి రావలెను. మైకునకు ఎవరెంత దూరమున నిలువవలెను? గాయకుడు తారస్థాయి నందుకొనునపుడు మర ముందే తగ్గించవలెను. ముల్లు గీత దాటిన పిదప తగ్గించి లాభము లేదు. పాట ఎటు పోవునో ఎరుగనివాడు ఆ పని చేయజాలడు. కనుక ఈ విద్యలో యంత్రశాస్త్రము సగమునకు మించదని మా యభిప్రాయము. తక్కిన సగము రాగతాళములదే.

1950 దశాబ్దమున అయస్కాంతపు టేపు ప్రచారములోనికి వచ్చి, పాడిన వెంటనే వినుట సాధ్యమయ్యెను. గురువునకు బోధన సులువైనది. మరల తీయవచ్చునను ధైర్యమువలన శిష్యుని జాగ్రత్త కొంత సడలెనేమో యని మాకు సందేహము.

విశ్వనాథ్‌గారు 1965లో 'ఆత్మగౌరవం'తో దర్శకులైరి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' చూచి సంగీతజ్ఞానమును మెచ్చినవారే గాని, అది తీసినవారు మైకు వెనుక మొదలైనవారని తలచినవారు తక్కువ. వారు 2023లో దివంగతులైరి.

గుడ్లవల్లేరులో 1998లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. ఆ యూరి పిల్లలకు ముల్లు చూచుట ఎట్లైనను వచ్చును. వారి చేతికొక మైకు నిచ్చి, చౌటపల్లి భజనపాటను పట్టి తెమ్మని పంపవచ్చును. పట్టి తెచ్చినదానిని ప్రక్కన కూర్చుండి వినుటకు సంగీతము తెలిసిన పెద్ద యొకరుండిన చాలును.