డౌన్ హౌస్

డౌన్ హౌస్ ఇంగ్లండులోని డౌన్ గ్రామంలో ఉన్న చారిత్రక గృహం. జీవపరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్ 1842 నుంచి 1882లో కన్నుమూసేదాకా, నలభై ఏళ్లు ఇక్కడే కాపురమున్నాడు. అప్పట్లో కెంట్‌లో ఉన్న ఈ ఊరు నేడు లండన్ మహానగరంలోని బ్రోమ్లీ పరిధిలో ఉంది. డార్విన్‌కు వేరే ప్రయోగశాల లేదు. ఈ ఇల్లు, పెరడు, తోటలే ఆయన ప్రయోగశాల. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఈ ఇంటి విలువంతా అందులోనే ఉంది.

చదువుల గది

1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథాన్ని డార్విన్ కింది అంతస్తులోని చదువుల గదిలో రాశాడు. చక్రాలు బిగించుకున్న చేతుల కుర్చీలో కూర్చుని, దాని చేతుల మీద అడ్డంగా పలక పెట్టుకుని రాసుకునేవాడు. కిటికీ పక్కన సూక్ష్మదర్శిని ఉండేది. నత్తగుల్లల్లా కనిపించే బార్నకిల్ అనే సముద్రజీవులను ఎనిమిదేళ్లు పరిశీలించింది ఈ ఇంట్లోనే.

హాలు

హాల్లో డార్విన్ భార్య ఎమ్మా పియానో వాయించేది. వానపాములున్న మట్టికుండీలను డార్విన్ ఆ పియానో మీదే పెట్టి చూశాడు. ఈల వేసినా, పక్కన వాద్యం మోగించినా అవి కదల్లేదు. కుండీ పియానో మీద ఉండగా మెట్టు నొక్కితే మాత్రం, ఆ అదురుకు చటుక్కున బొరియల్లోకి దూరాయి. చెవులు లేకున్నా వాటికి కంపనం తెలుస్తుందని ఆయన గ్రహించాడు. వానపాములపై ఆయన రాసిన చివరి పుస్తకం 1881లో వచ్చింది.

తోట

డార్విన్ మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున నేల తవ్వి, శుభ్రం చేసి వదిలేశాడు. మొలిచిన ప్రతి కలుపు మొక్కనూ లెక్కపెట్టాడు. 357 మొలకల్లో 295 చచ్చిపోయాయి. చాలావాటిని గుల్లలేని నత్తలు, పురుగులు తినేశాయి. మనుగడ కోసం పోరాటం అంటే ఏమిటో ఆ చారెడు నేలే చూపించింది.

తోట చివర చెట్ల మధ్యగా సాగే ‘శాండ్‌వాక్’ అనే బాటలో ఆయన రోజూ నడిచేవాడు. చుట్ల లెక్క తప్పకుండా మొదట్లో కొన్ని చెకుముకి రాళ్లు కుప్పగా పెట్టుకుని, చుట్టుకొకటి చొప్పున పక్కకు తన్నేవాడు. ఆయన ఆలోచనలకు పదును పెట్టింది ఈ నడకే.

మ్యూజియంగా

ఎమ్మా 1896లో మరణించింది. 1907 నుంచి 1922 వరకు ఈ ఇంట్లో బాలికల పాఠశాల నడిచింది. ఇల్లు చెయ్యి జారిపోకుండా శస్త్రవైద్యుడు జార్జ్ బక్‌స్టన్ బ్రౌన్ 1927లో కొని, బ్రిటిష్ అసోసియేషన్ అనే విజ్ఞాన సంస్థకు అప్పగించాడు. 1929లో మ్యూజియం తెరిచారు. 1996లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేతికి వచ్చింది. పాత ఫొటోల ఆధారంగా కింది గదులను డార్విన్ కాలంలో ఉన్నట్టే సర్ది, 1998లో మళ్లీ తెరిచారు.

పై అంతస్తులో ఆయన జీవితం, పరిశోధనలను వివరించే ప్రదర్శన ఉంది. ఆయన కట్టించుకున్న గాజుగదిలో ఆర్కిడ్‌లు, పురుగుల్ని పట్టి తినే మొక్కలు నేటికీ పెరుగుతున్నాయి. డార్విన్ చూసినదాన్ని సందర్శకుడు అక్కడ తన కళ్లతో చూడవచ్చు.