సర్వర్ ఎవరిని నమ్మాలి? జావా సర్వర్లలో సురక్షిత వెబ్ సేవల అనుసంధాన చరిత్ర

బ్రౌజర్‌లో ఒక చిరునామాపై అనుమానం కలిగితే హెచ్చరిక కనిపిస్తుంది. వెనుదిరిగే అవకాశం వినియోగదారునికి ఉంటుంది. ఒక సంస్థ సర్వర్ మరొక సంస్థ సర్వర్‌ను సంప్రదించేటప్పుడు మధ్యలో మనిషి ఉండడు. ఎవరిని నమ్మాలన్నది ముందుగానే అమరికలలో నిర్ణయించి ఉంచాలి. జావా సర్వర్ల చరిత్రలో చాలాకాలం నిర్లక్ష్యానికి గురైన అంశం ఇదే.

టీఎల్ఎస్ 1.0 ప్రమాణం, సన్ మైక్రోసిస్టమ్స్ వారి జేటూఈఈ 1.2 రెండూ 1999లోనే వెలువడ్డాయి. గూఢలిపి సాంకేతికత ఎగుమతిపై అమెరికా ఆంక్షలు 2000 జనవరి దాకా కఠినంగానే ఉన్నాయి. జావాలో సురక్షిత సంధానానికి తోడ్పడే జేఎస్ఎస్ఈ విభాగం మొదట విడి ప్యాకేజీగా లభించి, 2002లో 1.4 రూపంతో మూలభాషా వేదికలో చేరింది. మరుసటి ఏడాది జేటూఈఈ 1.4 వెబ్ సేవలకు అధికారిక స్థానం కల్పించింది.

నిర్వాహకుని ముందు రెండు భాండారాలు ఉంటాయి. కీస్టోర్‌లో సర్వర్ సొంత రహస్య తాళం, ధ్రువపత్రం ఉంటాయి. ట్రస్ట్‌స్టోర్‌లో తాను నమ్మే ఇతరుల ధ్రువపత్రాలు ఉంటాయి. జావాతో వచ్చే ట్రస్ట్‌స్టోర్‌కు తొలి సంకేతపదం ‘ఛేంజిట్’, అంటే ‘దీన్ని మార్చు’. ఆ సలహాను పాటించినవారు తక్కువే. అవతలి సంస్థ తనకు తానే సంతకం చేసుకున్న ధ్రువపత్రాన్ని వాడితే సంధానం విఫలమవుతుంది. ఆ పత్రపు వేలిముద్రను మరో మార్గంలో సరిచూసి, కీటూల్ ద్వారా ట్రస్ట్‌స్టోర్‌లో చేర్చడం సరైన పద్ధతి. గడువు ఒత్తిడిలో పలువురు ఏ పత్రాన్నైనా అంగీకరించే కోడ్ రాసి సమస్య తీరిందనుకున్నారు. దానితో సంకేతీకరణ మిగిలింది, ఎవరితో మాట్లాడుతున్నామన్న నిశ్చయం పోయింది.

అసలు లోపం ఇంకా లోతైనది. పత్రం నమ్మదగినవారి సంతకంతో ఉందా, అందులోని పేరు సంప్రదించిన చిరునామాదేనా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. జేఎస్ఎస్ఈలోని దిగువస్థాయి సాకెట్లు అడగనిదే రెండవదాన్ని పరిశీలించవు. స్టాన్‌ఫర్డ్, టెక్సస్ (ఆస్టిన్) విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2012లో ప్రకటించిన అధ్యయనం అపాచీ యాక్సిస్, యాక్సిస్ 2, ఎక్స్‌ఫైర్ వంటి వెబ్ సేవల గ్రంథాలయాలలో ధ్రువపత్ర పరిశీలన లోపభూయిష్టమని చూపింది. అంటే నిర్వాహకుడు ట్రస్ట్‌స్టోర్‌ను ఎంత జాగ్రత్తగా అమర్చినా, వేరొక చిరునామాకు చెందిన చెల్లుబాటయ్యే పత్రంతో మోసగాడు చెల్లింపుల సర్వర్‌గా నటించగలిగేవాడు. పేరు సరిపోల్చమని దిగువస్థాయిలోనే కోరే సౌకర్యం 2011నాటి జావా 7తో వచ్చింది. అయితే దాన్ని గ్రంథాలయ రచయితలు వాడుకోవాలి.

ఓపెన్‌జేడీకే మూలంలోని ట్రస్ట్‌స్టోర్ 2018 దాకా ఖాళీగానే ఉండేది. ఆ ఏడాది పదవ రూపంలో ఒరాకిల్ తన మూల ధ్రువపత్రాలను అందులో చేర్చింది.